తోక తెలియని జంతువును ముగ్గుతో గీసిన ఏడు వారాలు

నవంబర్ 18, సోమవారం, తొమ్మిదో తరగతి మూడో పీరియడు. నేలమీద నడిచిన క్షీరదాలన్నింటిలోకీ పెద్దది ఏదని ఒక అబ్బాయి అడిగితే, ఆఫ్రికా ఏనుగు అని తడుముకోకుండా చెప్పాను. వాడు ఊరుకోలేదు. "ఇప్పుడున్నయి కాదు మేడం, మొత్తంల ఎప్పుడన్న ఉన్నదాంట్ల?" అన్నాడు. రేపు చెబుతానని తప్పించుకున్నాను. దేవరకొండకు దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను పదకొండేళ్ళుగా జీవశాస్త్రం బోధిస్తున్నాను; "రేపు చెబుతా" అన్న మాట ఎన్నిసార్లు వాడుకున్నానో లెక్క లేదు. ఈసారి మాత్రం ఆ రేపటికి ఏడు వారాలకు పైన, నా చేతి నుంచి 3,500 రూపాయలు, వ్యాయామ ఉపాధ్యాయునితో ఒక చిన్న తగాదా పట్టాయి. ఇటువంటి పని తలపెట్టే తోటి ఉపాధ్యాయులకు పనికివస్తుందని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రాత్రి దొరికిన జవాబు పెరాసెరాథీరియం. ఖడ్గమృగానికి చుట్టం, కానీ కొమ్ము లేదు. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, చెట్టు కొమ్మల నుంచి ఆకు దూసుకుని తినే మూతి. సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ళ కిందటి నుంచి 2 కోట్ల 30 లక్షల ఏళ్ళ కిందటి వరకు ఆసియాలోనూ, ఐరోపా ఆగ్నేయపు అంచుల్లోనూ తిరిగిన జంతువు ఇది. భుజం దగ్గర ఎత్తు సుమారు 4.8 మీటర్లు, పొడవు 7.4 మీటర్లు, బరువు 15 నుంచి 20 టన్నులని ఎక్కువగా చెప్పే లెక్క. అంతరించిన కొన్ని ఏనుగు జాతులు కూడా మొదటి స్థానానికి పోటీ పడుతున్నాయి గాని, మా వాడి ప్రశ్నకు ఈ జవాబు తప్పు కాదు. మర్నాడు ఈ అంకెలన్నీ నల్లబల్లమీద రాశాను. పిల్లలు బుద్ధిగా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. ఒక్క ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. 4.8 మీటర్లంటే ఎంతో వాళ్ళకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ కంటికి ఆనలేదు. టేపు తెప్పించి మా వరండా స్లాబును కొలిపిస్తే సరిగ్గా పదకొండు అడుగులు వచ్చింది. ఆ జంతువు వచ్చి వరండా పక్కన నిలబడితే దాని భుజం స్లాబుకన్నా ఇంకా నాలుగు అడుగులకు పైగా ఎత్తున ఉంటుందని చెప్పినప్పుడు మాత్రం తరగతి తరగతంతా కిటికీ వైపు తల తిప్పింది. దాన్ని అసలు కొలతల్లో నేలమీద గీయాలన్న ఆలోచన అప్పుడు పుట్టింది.

ఆ వారం రాత్రిళ్ళు వంటిల్లు సర్దుకున్నాక చదువుకు కూర్చునేదాన్ని. మొదటి చిక్కు పేర్లతోనే వచ్చింది. ఒకచోట బలూచిథీరియం, ఒకచోట ఇండ్రికోథీరియం, మరొకచోట పెరాసెరాథీరియం. మూడు జంతువులనుకుని మూడు కాగితాలమీద విడివిడిగా రాసుకుని, నాలుగో రాత్రి మూడూ ఒకటేనని తెలిసి వాటిని చింపేశాను. దీని తొలి ముక్కలు 1846లోనే బలూచిస్థాన్‌లో వికరీ అనే సైనికునికి దొరికాయి, కానీ అవి దేనివో అప్పట్లో ఎవరూ పోల్చుకోలేకపోయారు. 1908లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన గై పిల్‌గ్రిమ్, ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న డేరా బుగ్తీ ప్రాంతంలో దొరికిన పళ్ళనూ దవడ భాగాలనూ పరిశీలించి, అప్పటికే తెలిసిన వేరొక ఖడ్గమృగపు ప్రజాతి కింద వాటిని జమకట్టారు. 1910లో అదే చోటికి వెళ్ళిన క్లైవ్ ఫార్‌స్టర్ కూపర్ అనే శాస్త్రవేత్త మరుసటి ఏడాది పెరాసెరాథీరియం అన్న పేరు పెట్టారు. ఇంకొన్ని భారీ ఎముకలకు ఆయనే 1913లో థౌమాస్టోథీరియం అని వేరే పేరు పెట్టి, ఆ పేరు అంతకుముందే నల్లి వర్గపు పురుగు ఒకదానికి ఉందని తెలిసి, దాన్ని బలూచిథీరియంగా మార్చుకోవలసి వచ్చింది. మా హాజరుపట్టీలో ఒకే పేరున్న అమ్మాయిలు ఇద్దరున్నారు; ఇంటిపేరు మొదటి అక్షరం కలిపి పిలుస్తాం. జంతుశాస్త్రంలో ఆ సౌకర్యం లేదు. ముందు వచ్చిన పురుగుదే పేరు. ఈ సంగతి చెప్పిన రోజు పిల్లలు నవ్విన నవ్వుకు పక్క తరగతి సారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

రష్యా శాస్త్రవేత్త అలెక్సీ బొరిస్సియాక్ 1915లో కజకిస్థాన్ ఎముకలకు ఇండ్రికోథీరియం అని పేరు పెట్టింది తమ జానపద కథల్లోని ఇండ్రిక్ అనే మృగం పేరు మీద. అది కదిలితే భూమి అదురుతుందని కథ. "ఇంద్రుని ఏనుగా మేడం?" అని వెనక బెంచీ నుంచి ఒకరు అడిగారు. కాదన్నాను గాని, ఐరావతాన్ని తలచుకున్న పిల్లవాడి ఊహ రష్యావాళ్ళ ఊహకు ఎంతో దూరంలో లేదు. 1989లో స్పెన్సర్ లూకాస్, జే సోబస్ అనే ఇద్దరు ఈ పేర్లన్నింటినీ మళ్ళీ పరిశీలించి, అన్నింటికన్నా ముందు పెట్టిన పెరాసెరాథీరియమే నిలుస్తుందని వాదించారు. అందరూ ఒప్పుకోలేదని కూడా చదివాను. మేము అదే వాడాం.

నవంబర్ 21న, హైదరాబాద్‌లో భూగర్భశాస్త్రం బోధించే ఒక అధ్యాపకునికి, నేను గ్రాఫు కాగితంమీద వేసిన బొమ్మను జతచేసి మెయిలు పంపాను. జవాబు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆలోపు ఊరుకోకుండా మొదలుపెట్టడం నా పొరపాటు.

స్థలం కోసం ప్రధానోపాధ్యాయుని దగ్గరికి వెళితే, "ముగ్గేస్తే ఏసుకోండమ్మా, తవ్వుడు మాత్రం పెట్టకుండ్రి" అన్నారు. మా ఆవరణలో రాళ్ళు లేని చదును నేల వాలీబాల్ కోర్టు ఒక్కటే. ఆ కోర్టులో సగం 9 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. మా జంతువుకు కొలిచి పెట్టినట్టు సరిపోతుంది. వ్యాయామ ఉపాధ్యాయుడు ససేమిరా అన్నారు. మండల పోటీలకు పిల్లలు సాధన చేస్తున్నారు, మీ అడవి జంతువు కోసం ఆట ఆపమంటారా అని గట్టిగానే అడిగారు. ఆయన మాటలో న్యాయముంది. చివరికి శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం ప్రార్థన వరకు కోర్టు మాది, ఆ తరువాత తుడిచి ఇవ్వాలన్న ఒప్పందం కుదిరింది.

నవంబర్ 30, శనివారం నాడు మొదటి బొమ్మ గీశాం. గ్రాఫు కాగితంమీద ఒక సెంటీమీటరు నేలమీద అర మీటరు. మేకులు కొట్టి నైలాన్ తాళ్ళు కట్టి గళ్ళు వేయడానికే రెండు గంటలు పట్టింది, ఎందుకంటే మొదటిసారి మూలమట్టం చూసుకోక గళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి. లెక్కల సారు వచ్చి మూడు, నాలుగు, అయిదు మీటర్ల తాడుతో లంబకోణం తీసి చూపించాక దారిలో పడ్డాం. ఖర్చు: టేపు 420 రూపాయలు, తాళ్ళు, మేకులు 240, సున్నం రెండు సంచులు 700. సున్నం కొన్నది నా తెలివితక్కువతనం. గీత చెదరకుండా ఉంటుందని తడిపి పోయించాను. సాయంత్రానికి ఇద్దరు పిల్లల వేళ్ళ సందులు ఎర్రబడి మండాయి. కడిగించి కొబ్బరినూనె రాశాను. మర్నాడు ఒక తల్లి వచ్చి, "చదువు చెప్తరని తోలిస్తే సున్నం పిసికిస్తున్నరా మేడం" అన్నది. తలవంచుకున్నాను. ఈ పనికి ముగ్గుపిండే వాడండి, సున్నం జోలికి వెళ్ళకండి.

ఆదివారం రాత్రి వాన పడింది. సోమవారం పొద్దున ప్రార్థనకు వచ్చేసరికి కోర్టులో తెల్లటి మడుగు, అందులో ఒక వెనుకకాలు మిగిలాయి. తుడిచే పని తప్పిందని వ్యాయామ ఉపాధ్యాయుడు సంతోషించారు.

డిసెంబర్ 10న వచ్చిన జవాబు అయిదు వాక్యాలే. కొలతలు పరవాలేదని రెండు. మీరు ఆధారంగా తీసుకున్న బొమ్మ 1930ల నాటిదని, అప్పట్లో న్యూయార్క్‌లో వేర్వేరు సైజుల జంతువుల ఎముకలను లెక్కగట్టి ఒకే జంతువుగా అతికినందువల్ల భుజం ఎత్తు 5 మీటర్లు దాటిపోయిందని, తరువాతివారు దాన్ని తగ్గించారని రెండు. చివరి వాక్యం ప్రశ్న: "మీరు తోకను ఏ ఎముకను బట్టి గీశారు?"

నేను ఏ ఎముకను బట్టీ గీయలేదు. ఖడ్గమృగం తోకను పెద్దది చేసి అతికించాను. ఆ ప్రశ్న పట్టుకుని రెండు రాత్రులు వెతికితే తేలింది ఏమిటంటే, ఈ జంతువు తోక ఎలా ఉండేదో బొత్తిగా తెలియదు. పూర్తి వెన్నుపూసల వరుస గాని, పూర్తి పక్కటెముకల వరుస గాని ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు. అరల్ సముద్ర ప్రాంతపు ఎముకలను ఆధారం చేసుకుని 1959లో గ్రొమొవా అనే రష్యా శాస్త్రవేత్త ప్రచురించిన అస్థిపంజరపు రూపం మిగతావాటికన్నా నిండైనది, దానిలోనూ మెడ పూసలు కొన్ని లేవు. మనం చూసే ప్రతి బొమ్మలోనూ నునుపైన మెడ ఉంటుంది, చక్కటి తోక ఉంటుంది. గీసినవాడు ఎక్కడ ఎముకను చూసి గీశాడో, ఎక్కడ ఊహించి గీశాడో బొమ్మ చెప్పదు. నేను చేసిందీ అదే. పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి మొహమాటపడ్డాను గాని, చెప్పాక వాళ్ళే దారి చూపించారు: ఎముక దొరికిన చోట రంగు, దొరకని చోట చుక్కలు.

డిసెంబర్ 14, శనివారం నాడు రెండో బొమ్మ. ముగ్గుపిండి ఊరి కొట్టులో అయిపోయిందని దేవరకొండ నుంచి తెప్పించాను; ఒక సంచి 350 రూపాయలు. జాజు 160, రంగుల పొట్లాలు 120, బొగ్గుపొడి మాత్రం మధ్యాహ్న భోజనం వండే అక్కల పొయ్యిలోంచి ఉచితంగా వచ్చింది. ఒక్కో రంగు ఒక్కో దేశానికి. దంతాలు, దవడ డేరా బుగ్తీవి గనుక జాజు. పై ముందుపళ్ళు రెండు కిందికి వాలి ఉంటాయి, కింది పళ్ళు ముందుకు చాచి ఉంటాయి. వీటిని గీసిన అమ్మాయి మూడుసార్లు చెరిపి గీసింది. తల నీలం, అది మంగోలియా రంగు. రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ నడిపిన అమెరికా యాత్రలో 1922లో అక్కడ పుర్రె దొరికింది. ఈ జంతువు పుర్రె పొడవు సుమారు 1.3 మీటర్లు. ఆరో తరగతి చిన్నపిల్ల ఒకతె ఆటగా వచ్చి ఆ తలమీద వెల్లకిలా పడుకుంటే, మడమలు మూతి దగ్గర, నడినెత్తి మెడ మొదట్లో సరిగ్గా ఆనాయి. గీత గీసినట్టు సరిపోయిన ఆ పిల్లను చూసి మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది.

కాళ్ళ కిందిభాగాలూ నీలమే. 1925లో అదే గోబీ ఎడారిలో ఒక జంతువు పాదాలు నిలువుగా, నిలబడ్డట్టే మట్టిలో దొరికాయి. ఊబిలో కూరుకుపోయి నిలుచున్నచోటనే చనిపోయిందని తవ్వినవాళ్ళు అనుకున్నారు. నాగార్జునసాగర్ కట్టమీది ఊళ్ళలో బురదలో దిగబడిన బర్రెను మోకులు వేసి లాగడం మా పిల్లల్లో చాలామంది చూశారు. ఆ కాళ్ళకు రంగు నింపుతున్నంతసేపు ఎవరూ అల్లరి చేయలేదు. ఒంటి ఎముకలకు బొగ్గుపొడి, అది కజకిస్థాన్ రంగు. మెడ మొదటి రెండు పూసలకు పసుపు, అవి చైనావి: గాన్సు రాష్ట్రంలోని లిన్‌షియా లోయలో 2015లో ఒక జంతువు పుర్రె, దవడ, మొదటి మెడపూస, మరో జంతువు పూసలు కొన్ని దొరికితే, 2021లో వాటికి కొత్త జాతిగా పేరు పెట్టారు. వాటి వయసు 2 కోట్ల 65 లక్షల ఏళ్ళు. అది డేరా బుగ్తీ జంతువుకు దగ్గరి బంధువని తేలింది గనుక, ఇంత భారీ జంతువులు టిబెట్ మీదుగా అటూ ఇటూ నడవగలిగాయంటే ఆ కాలానికి టిబెట్ ఇప్పటంత ఎత్తు పీఠభూమి కాదని ఆ శాస్త్రవేత్తలు అంటున్నారు. ఒక మెడపూసను బట్టి ఒక పీఠభూమి ఎత్తు చెప్పడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

ఐరోపా వైపు రంగు పెద్దగా ఖర్చు కాలేదు. జార్జియాలోని బెనారాలో, తుర్కీలో, మాంటెనెగ్రోలో, రొమేనియాలో దొరికినవి ముక్కలే. వాటికి ఆకుపచ్చ పెట్టి అక్కడక్కడ చిటికెడు చల్లాం. మిగిలింది చుక్కలు. మెడ సగం, పక్కటెముకలు కొన్ని, చెవులు, తోక. చెవులు ఏనుగు చెవులంత పెద్దవని కొందరంటారు, ఖడ్గమృగపు చెవులంతేనని కొందరంటారు. ఎముక లేని భాగం గనుక తేలదు. నిచ్చెనెక్కి పైనుంచి చూస్తే జంతువు ముందువైపు నిండుగా, వెనక్కి వెళ్ళేకొద్దీ పల్చబడుతూ, చివర నాలుగు చుక్కలై ఆగిపోయింది.

ఆ రోజు రెండు ప్రశ్నలు నన్ను ఇబ్బంది పెట్టాయి. ఇంత పెద్దదాన్ని ఎవరైనా తినేవారా అన్నది ఒకటి. డేరా బుగ్తీ ఎముకలమీద పెద్ద మొసళ్ళ పళ్ళగాట్లు కనబడ్డాయని చెప్పాను. రెండోది: మన నల్లగొండలో తవ్వితే దొరకదా? దొరకదని చెప్పడం కష్టమైంది. మన కాళ్ళ కిందిది చాలావరకు 250 కోట్ల ఏళ్ళు దాటిన రాయి, భూమి లోతుల్లో కరిగి గడ్డకట్టినది. ఎముక అన్నదే పుట్టకముందు తయారైన దాంట్లో ఎముక ఎక్కడినుంచి వస్తుంది? పిల్లల ముఖాలు చిన్నబోవడం చూడలేక, కృష్ణ దాటి కర్నూలు వైపు బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల సంగతి చెప్పాను. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త అక్కడ తవ్వించినప్పుడు బయటపడిన ఎముకల్లో ఖడ్గమృగానివి ఉన్నాయి. 1886లో లైడెక్కర్ అనే శాస్త్రవేత్త ఆ ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టారు. మా జంతువుకన్నా అది ఎంతో ఈమధ్యది. అయినా మా పిల్లలు ఆ సాయంత్రం ఇంటికి అదే వార్త మోసుకుపోయారు.

ఇక జిల్లా వైజ్ఞానిక ప్రదర్శన. డిసెంబర్ 20న ఆన్‌లైన్‌లో నమోదు చేయబోతే, ఏదో ఒక అంశం కింద చేరాలన్నది: వ్యవసాయం, ఆరోగ్యం, వ్యర్థాల నిర్వహణ, ఇలాంటివే. శిలాజాలకు గూడు లేదు. చివరికి కొలతలున్నాయి గదా అని గణిత నమూనాల కింద పెట్టాను. పదమూడు రోజుల తరువాత, జనవరి 2న ఆమోదం వచ్చింది. ఒక్కో పాఠశాలకు ఒక బల్ల ఇస్తారని అప్పుడు తెలిసింది. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. మా దగ్గరున్నదేమో ఇరవై నాలుగు అడుగుల జంతువు. ఫ్లెక్సీ కొట్టిద్దామంటే దాదాపు అయిదు వేలన్నారు. మా మామయ్యగారి పాత పంచెమీద జాజులో జిగురు కలిపి తల ఒక్కటే అసలు కొలతలో గీయించి, అంచులు కుట్టించి, రంగుల పటం ఒకటి చిన్న ఫ్లెక్సీగా 600కు వేయించాను. భుజం ఎత్తు చూపడానికి 4.8 మీటర్ల దగ్గర ముడి వేసిన తాడు.

జనవరి 6న నల్లగొండ బస్సెక్కాం. నాకూ ఇద్దరమ్మాయిలకూ జీరో టికెట్టు, డబ్బులిచ్చి టికెట్టు తీసుకున్నది ఆ ప్రశ్న అడిగిన అబ్బాయి ఒక్కడే. దారి పొడుగునా ఆడపిల్లలు వాణ్ణి ఆటపట్టించారు. ప్రదర్శన జరిగిన పాఠశాలలో తాడును మొదటి అంతస్తు పిట్టగోడ నుంచి వేలాడదీశాం. రెండు రోజులూ పక్క మండలాల పిల్లలు దానికింద బారులు తీరి, ముడిని అందుకోవాలని ఎగురుతూనే ఉన్నారు. ఎవరికీ అందలేదు. న్యాయనిర్ణేతలు ఇద్దరు వచ్చి మూడు నిమిషాలున్నారు. డైనోసార్ గదా అని ఒకరన్నారు. డైనోసార్లు పోయిన మూడు కోట్ల ఏళ్ళకు ఇది వచ్చిందని మా అమ్మాయి చెప్పింది. దీనివల్ల సమాజానికి ఉపయోగమేమిటని రెండోవారు అడిగారు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను నోరు విప్పకూడదన్నది నియమం. "ఎముక దొరికిన కాడ రంగేసినం, దొరకని కాడ దొరకలేదని చుక్కలు పెట్టినం సార్" అన్నది. ఆయన కాగితంమీద ఏదో రాసుకుని పక్క బల్లకు వెళ్ళారు. మాకు ఏ స్థానమూ రాలేదు. తిరుగు బస్సులో ఆ అమ్మాయి తాడును ఒళ్ళో పెట్టుకుని దేవరకొండ దాకా మాట్లాడలేదు. ఆ మూడు నిమిషాలు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

జనవరి 10న, సంక్రాంతి సెలవుల ముందురోజు, పాఠశాలలో ముగ్గుల పోటీ పెట్టారు. తొమ్మిదో తరగతివాళ్ళు రథం ముగ్గు వేయలేదు. కోర్టు మూలల్లో ఏడు గుంపులుగా చేరి చిన్న చిన్న పెరాసెరాథీరియాలు ఏడు వేశారు. అన్నింటికీ తల, కాళ్ళు ఒకటే, తోక మాత్రం ఎవరికి నచ్చింది వారిది. ఒకటి బర్రె తోక, ఒకటి ఏనుగుది, ఒకదానికి కుచ్చు, ఒకదానికి తోకే లేదు. వ్యాయామ ఉపాధ్యాయుడు నెట్టు కట్టడానికి వచ్చి, ఇందులో ఏది అసలుదని అడిగారు. ఎవరికీ తెలియదని పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు. ఆయన నెట్టు భుజాన వేసుకుని ఏడింటి చుట్టూ ఒకసారి తిరిగి, బర్రె తోక దగ్గర ఆగి, "నాకైతే ఇదే అనిపిస్తుంది" అన్నారు. కోర్టు తుడవమని మాత్రం ఆ రోజు అడగలేదు.